పాతబస్తీలో కొత్త ఇల్లు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళి చేసే కష్టం నాకు ఎప్పుడో తెలిసింది. ఇల్లు కట్టే కష్టం మాత్రం ఆరుపదులు దాటాక అనుభవంలోకి వచ్చింది. హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండ దగ్గర ఒక గల్లీలో మా అత్తవారి ఇల్లు. 1974లో నేను హనుమకొండ నుంచి కోడలిగా అడుగుపెట్టిన ఇల్లు అది. కొన్నేళ్ళ క్రిందట మా బావగారూ, మా మరిదీ, మేమూ కలిసి దాన్ని కొత్తగా కట్టుకుందామనుకున్నాం. ఇంజనీరు అబ్బాయి ప్లాను గీసి తెచ్చాడు. మూడు అంతస్తులు, ఒక్కొక్క అంతస్తుకు రెండేసి పడకగదులు, వాటికి ఆనుకొని స్నానాల గదులు, కింద బండ్లు నిలుపుకునే చోటు. కాగితం మీద అన్నీ కుదురుగానే వున్నాయి. నేను కాసేపు చూసి, "ఇందులో వాకిలి ఏదయ్యా?" అని అడిగాను. "ఇదిగోనండి, మెయిన్ డోరు" అని అతను వీధి గుమ్మం చూపించాడు.

నేనడిగింది గుమ్మం సంగతి కాదు. ఇంటి నడుమ, పైకి చూస్తే ఆకాశం కనిపించే వాకిలిని గురించి అడిగాను. పాపం, అతనికి ఆ అర్థమే తెలియదు. తప్పు అతనిదని నేననను. ఆ వాకిలి మన నగరపు ఇళ్ళలో ఎందుకు వుండేది, ఏం చేసేది, మధ్యలో ఎన్ని వరదలూ రోగాలూ వచ్చినా ఎలా నిలిచింది, తీరా మన కాలంలో ఎలా పోయింది, ఇదంతా ఒక చరిత్ర. ఆ చరిత్రే ఈనాడు మీతో చెప్పుకుందామని వచ్చాను.

హైదరాబాదుకు 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా పునాది వేశాడు. నడుమ చార్మినారు, దాని నుంచి నాలుగు దిక్కులకూ నాలుగు పెద్ద బాటలు, బాటల వెంబడి బజార్లు, బజార్ల వెనక నివాసాలు. 18వ శతాబ్దంలో ఊరి చుట్టూ కోటగోడ లేచింది. అసఫ్‌జాహీల కాలంలో ఆ గోడ లోపలే అమీర్లు, దివాన్లు, జాగీర్దార్లు దేవిడీలు కట్టుకున్నారు. దేవిడీ అనే మాటకు అసలు అర్థం గడప, ముఖద్వారం. ఆ ద్వారం ఎంత గొప్పదో ఇల్లంత గొప్పదని లెక్క. ఏనుగు అంబారీతో సహా దూరిపోయేంత కమాను వుంటుంది గాని, వీధిలో నిలబడి చూస్తే లోపలిది పిసరంత కనిపించదు. దారి మలుపు తిరిగి మర్దానా వాకిట్లోకి, అక్కడినుంచి మరో గోడ దాటితే జనానా వాకిట్లోకి తీసుకుపోతుంది. ఆడవాళ్ళ బ్రతుకంతా ఆ లోపలి వాకిట్లోనే.

గొప్పవాళ్ళకు నాలుగైదు వాకిళ్ళు వుంటే, మావంటివాళ్ళకు ఒకటి వుండేది. ఐశ్వర్యంలో తేడాయే గాని పద్ధతి ఒకటే. ఉర్దూలో సెహన్ అంటారు, మా హనుమకొండ వైపు భవంతి అంటారు, కోస్తావాళ్ళు మండువా అంటారు. మా అత్తవారింట్లో వాకిలి చుట్టూ టేకు స్తంభాల దాలాను, దాని వెనక అర్రలు. గోడలు రెండడుగుల మందం, డంగు సున్నంతో కట్టినవి. సున్నంలో బెల్లం నీళ్ళూ, కరక్కాయ పులుసూ కలిపి గానుగలో తిప్పేవారట. నేలకు షాబాదు బండలు.

ఇందులో శాస్త్రం లేకపోలేదు. రాత్రివేళ చల్లగాలి బరువెక్కి వాకిట్లోకి దిగి, తెల్లవారేదాకా అక్కడే నిలుస్తుంది. పగలు వేడిగాలి పైకి లేచిపోతుంది. చుట్టూ గోడల నీడ వాకిలి మీద పడి, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఎండను ఆపుతుంది. మందపు సున్నపు గోడ పగటి వేడిని మెల్లిగా తాగి, రాత్రికి మెల్లిగా వదులుతుంది. మే నెలలో మధ్యాహ్నం తడిపిన వట్టివేళ్ళ తడిక దాలానుకు వేలాడదీస్తే, పంకా లేకుండానే కునుకు పట్టేది. ఇక పనుల మాట చెప్పాలా? వడియాలు పెట్టినా, ఆవకాయకు కారం దంపినా, పసిపిల్లకు నలుగు పెట్టి నీళ్ళు పోసినా, బాలింతకు ఎండ తగలాలన్నా, ఆఖరికి ఒకర్తెవే కూచుని కన్నీళ్ళు పెట్టుకోవాలన్నా ఆ వాకిలే. ఇరుగుపొరుగు ఇళ్ళ వాకిళ్ళకు నడిగోడలో చిన్న ఖిడ్కీ దర్వాజ వుండేది. వీధిలోకి రాకుండానే ఆడవాళ్ళు ఈ ఇంటినుంచి ఆ ఇంటికి పోయి వచ్చేవారు.

ఇంతవరకు విని, పాతకాలమంతా బంగారమనుకునేరు. నేనలా చెప్పను. ఆ ఇళ్ళకు వెనక ఒక సందు వుండేది. దానిలోకి తెరుచుకునే చిన్న తలుపుల వెనక పాయిఖానాలు. రోజూ తెల్లవారుజామున ఒకావిడ వచ్చి, ఇంటింటి మైలా తట్టకెత్తుకుని నెత్తిన మోసుకుపోయేదట. మా అత్తగారు ఆ సంగతి చెప్పినప్పుడు, "ఆమె పేరేమిటి అత్తయ్యా?" అని అడిగాను. అత్తగారు చాలాసేపు ఆలోచించి, "ఎవరమూ అడగలేదే తల్లీ" అన్నారు. మన వాకిలి అందం ఆ సందు మీద ఆధారపడి వుండేదన్న మాట మరిచిపోతే, మనం చెప్పే చరిత్ర సగమే అవుతుంది. దేశంలో ఆ అమానుషపు పనిని నిషేధిస్తూ చట్టం 1993లోగాని రాలేదు, 2013లో మళ్ళీ ఇంకొక చట్టం చేయవలసి వచ్చింది. ఇక తాగే నీళ్ళు చూస్తే, కొంత బావులనుంచి, కొంత మీర్ ఆలం చెరువువంటి చెరువులనుంచి. వెనక అర్రలు పట్టపగలే చీకటి. క్షయరోగం పట్టిన కోడలిని ఆ చీకటి గదిలోనే పడుకోబెట్టేవారు. పరదా మాట సరేసరి. ఆ వాకిలి ఆడదానికి ఆకాశమెంత చూపించిందో, వీధిని అంత మూసిపెట్టింది.

అటువంటి ఊరిమీదికి 1908 సెప్టెంబరు 28న మూసీ విరుచుకుపడింది. అఫ్జల్‌గంజ్ వైపు బస్తీలకు బస్తీలు కొట్టుకుపోయాయి. చనిపోయినవారు 15 వేలని అంచనా. కూలిన ఇళ్ళు 19 వేలని లెక్క తేల్చారు. మట్టిగోడల ఇళ్ళు పేదవాళ్ళవి, ముందు అవే కరిగిపోయాయి. మూసీ మీది వంతెనలు దెబ్బతినిపోగా, 1578లో కట్టిన పురానాపూల్ మాత్రం నిలబడింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో వున్న చింతచెట్టెక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ స్వయంగా ఏటి ఒడ్డుకు వచ్చి పసుపు కుంకుమలతో, చీరె సారెలతో మూసమ్మను శాంతింపజేశాడని నేటికీ మన పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. ఆ వరదలో నిలువనీడ లేనివాళ్ళకు సాయపడిన ఆడవాళ్ళలో సరోజినీ నాయుడు ఒకరు. ఆ సేవకు 1911లో ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చారు. జలియన్‌వాలా బాగ్ దారుణం తర్వాత ఆమె దాన్ని తిరిగి ఇచ్చేశారు. నాంపల్లిలో ఆమె పుట్టింటికి గోల్డెన్ త్రెషోల్డ్, అంటే బంగారు గడప అని పేరు. 1905లో వచ్చిన ఆమె కవితల పుస్తకం పేరే ఇంటికీ వచ్చింది. చూశారా, దేవిడీ అన్నా గడపే, ఆమె ఇల్లన్నా గడపే. అయితే ఈ గడప ఆడవాళ్ళు బయటికి రావడానికి.

వరద తర్వాత 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన రెండు పనులు చెప్పారు. ఒకటి, పైన జలాశయాలు కట్టి వరదను పట్టి నిలపడం. రెండు, ఊరికి మురుగు పోయే మార్గం ఏర్పరచడం. ఆయన సలహా ఫలితంగా ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్ అంటే మన గండిపేట. గండిపేట నీళ్ళు తాగినవాళ్ళు హైదరాబాదు విడిచిపోరన్న మాట అప్పుడు పుట్టిందే. ఇంతలో 1911లో ప్లేగు వచ్చిపడింది. ఇరుకిళ్ళూ, గాలి దూరని సందులూ ఎలుకలకు ఆటపట్టు. ప్లేగు తర్వాత 1918లో ఇన్‌ఫ్లూయెంజా. 1911లో సుమారు 5 లక్షలున్న నగర జనాభా 1921 నాటికి 4 లక్షల చిల్లరకు పడిపోయిందంటే, ఎన్ని ఇళ్ళలో దీపాలు ఆరిపోయాయో, ఎంతమంది ఊరు వదిలిపోయారో ఊహించుకోండి.

ఈ రెండు దెబ్బల నడుమ, 1912లో, నగరాభివృద్ధి సంస్థ పుట్టింది. సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు అన్నారు. నాంపల్లి, సుల్తాన్‌షాహీ వంటి చోట్ల కిక్కిరిసిన ఇరుకు బస్తీలను తీసేసి, వెడల్పు వీధులు వేసి, మామూలు సంసారులకు అద్దెకిచ్చే ఇళ్ళు కట్టారు. సీఐబీ క్వార్టర్లనే పేరు నగరంలో ఇప్పటికీ నలుగురి నోళ్ళలో వుంది. చార్మినారుకు పోయే దారిని వెడల్పు చేసి, ఇరువైపులా రాతి కమానులతో ఒకే తీరుగా పత్తర్‌గట్టీ కట్టారు. కింద దుకాణాలు, పైన వసతులు. పత్తర్ అంటే రాయి గదా, పేరు కూడా దాన్నిబట్టే వచ్చింది. 1930 దశకంలో భూగర్భ మురుగు కాలువలు వచ్చాయి. 1935 నాటికి మొజంజాహీ మార్కెట్టు లేచింది.

ఆ రోజుల్లో అవే మోడరన్ ఇళ్ళు, గుర్తుపెట్టుకోండి. ఆధునికమనే మాట పాత ఊళ్ళోకి నిన్నగాక మొన్న అపార్టుమెంట్లతో వచ్చిందనుకుంటాం గాని, నూరేళ్ళ క్రిందటే వచ్చింది. వచ్చి ఏం చేసింది? కుళాయి ఇచ్చింది, కిటికీ ఇచ్చింది, మురుగు దారి ఇచ్చింది. అయితే ఆ బోర్డువారు కట్టిన చిన్న ఇళ్ళకు సైతం లోపల గోడకట్టుతో పైకప్పు లేని కాస్త జాగా వదిలారు. పరదా పాటించే కుటుంబాలకు అది లేకపోతే కుదరదని వారికి తెలుసు. పత్తర్‌గట్టీ కట్టినవాళ్ళు రాయినీ, కమానునూ వదలలేదు. చార్మినారు పక్కన నిలబడినా అది సిగ్గుపడకుండా నిలబడింది. లేనిది ఇచ్చారు గాని, వున్నది ఊడలాగలేదు. నాకు తోచినంతవరకు ఆ కాలపు గొప్ప అదే.

ఇక రెండో మార్పు. 1948లో నిజాము రాజ్యం పోయింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. అది న్యాయమే. అయితే జాగీరు రాబడి మీద నడిచిన దేవిడీలకు ఆనాటినుంచి సున్నం కొట్టించే స్తోమత లేకపోయింది. అన్నదమ్ములు పంచుకున్నారు. వాకిట్లో అడ్డుగోడ లేచింది. మర్దానా అమ్ముడుపోయింది, జనానాలో నాలుగు కుటుంబాలు అద్దెకు దిగాయి. చోటున్నవాళ్ళు మూసీ దాటి బంజారాహిల్స్ వైపు పోయారు. మిగిలినవాళ్ళు స్లాబు వేసుకున్నారు. పాత సున్నపు గోడమీద సిమెంటు పూశారు. సున్నపు గోడ ఊపిరి తీసుకుంటుంది, సిమెంటు ఆ ఊపిరికి అడ్డుపడుతుంది, చెమ్మ లోపలే నిలిచి గోడ పొరలు పొరలుగా ఊడుతుంది. "పాత గోడలు ఇంతేనమ్మా, పడగొట్టాల్సిందే" అని మేస్త్రీ అంటాడు. రోగం తెచ్చిందీ మందే, చావమన్నదీ మందే! 1845లో కట్టిన మాల్వాలా ప్యాలెస్, అంత నగిషీ చెక్కిన కొయ్యపనితో వాకిళ్ళున్న దేవిడీ, అందులో చాలా భాగం 2000లో నేలమట్టమైంది. మరోవైపు చౌమహల్లా ప్యాలెస్‌ను శ్రద్ధగా బాగు చేస్తే 2010లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అంటే బాగు చేయడం మనకు చేతగాక కాదు.

రాజమహళ్ళ మాట ప్రభుత్వాలు చూసుకుంటాయి. రెండువందల గజాల మా ఇల్లు ఎవరు చూస్తారు? అది ఏ జాబితాలోనూ లేదు. ఆ ప్లాను చూసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక సంగతి పదేపదే గుర్తుకు వచ్చింది. 1990 డిసెంబరులో నగరంలో అల్లర్లు జరిగి రోజుల తరబడి కర్ఫ్యూ పెట్టారు. మా పెద్దమ్మాయికి జ్వరం. ఇంట్లో పాలచుక్క లేదు. వీధి తలుపు తీసే వీల్లేదు. ఆ రాత్రి ఖిడ్కీ దర్వాజ మీద మెల్లిగా తట్టిన చప్పుడయింది. పక్కింటి ఖాలా గిన్నెడు పాలు పట్టుకుని నిలబడి వుంది. "పిల్ల ఏడుపు వినిపిస్తోంది బేటీ" అంది. మేం వాళ్ళకు బియ్యం ఇచ్చాం. కర్ఫ్యూ ఎత్తేసేదాకా ఆ తలుపుకు గొళ్ళెం పెట్టలేదు. బయట ఊరు రెండుగా చీలిన రోజుల్లో మా రెండు వాకిళ్ళూ ఒకటిగానే వున్నాయి. కొత్త ప్లానులో ఆ తలుపున్న చోట మెట్లు వస్తున్నాయి.

మర్నాడు అందరినీ కూచోబెట్టి చెప్పాను. బావగారు విని, "నువ్వు చెప్పేది బాగానే వుందమ్మా. తొమ్మిదడుగులు, పన్నెండడుగులు వదిలితే అంతస్తుకు ఒక చిన్న గది పోయినట్టే. శాలిబండలో గజం ఎంతో తెలుసా?" అన్నారు. ఆయన అన్నదీ నిజమే. ఆయనకు ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు. నా తోడికోడలు మరో మాట అంది. "అక్కా, ఆ వాకిలి చిమ్మి చిమ్మి నా నడుము పోయింది. వానొస్తే వంటింటినుంచి పడకగదికి తడుస్తూ పోయాను. నాకొద్దు ఆ వాకిలి." ఆమె మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. నేను తలుచుకునేది వెన్నెల, ఆమె తలుచుకునేది చీపురు. రెండూ ఆ వాకిలివే.

దారి చూపింది మా మరిది కూతురు. ఆర్కిటెక్చరు చదివిన పిల్ల. నూరేళ్ళ క్రిందటి సంగతే మళ్ళీ చేసి చూపించింది. లేనిది ఇవ్వాలి, వున్నది తీసేయకూడదు. వాకిలి తొమ్మిదికి పన్నెండు, మూడు అంతస్తులకూ ఒకటే, పైదాకా తెరిచి. దాని చుట్టూ చూరు ముందుకు సాచింది, ఎంత వానొచ్చినా తడవకుండా తిరగవచ్చు. వంటిల్లు, పడకగది, స్నానాల గది ఒకదాని పక్కన ఒకటి, అన్నిటికీ వాకిట్లోకి కిటికీలు. మెట్లు వీధివైపు జరిపింది. వాననీరు వాకిట్లోనుంచి పాత బావిలోకే పోతుంది. వీధి ముఖానికి అద్దాలూ, తళతళలాడే పలకలూ వద్దంది. మా టేకు దర్వాజ కమానుతో సహా మళ్ళీ నిలబెట్టింది. కూల్చిన ఇంటి షాబాదు బండలే వాకిట్లో పరిచింది. పైన సోలారు పలకలు, లోపల పెద్దవాళ్ళ కోసం చిన్న లిఫ్టు. చూడవచ్చినవాళ్ళు అది కొత్త ఇల్లేనంటారు, కాని గల్లీలో అది పరాయిదిగా కనిపించదు.

ఊరికే రాలేదు లెండి. మిగతా రెండు అంతస్తుల్లో పోయిన అడుగులకు బదులుగా కట్టుబడి ఖర్చులో మేం ఎక్కువ వంతు వేసుకున్నాం. నా చేతి గాజులు నాలుగు అందులో కరిగాయి. మావారు బాధపడితే, "బంగారు గడప కొనుక్కున్నాననుకోండి" అన్నాను. ఇంత చేసినా బావగారి చిన్న కొడుకు కుటుంబం అత్తాపూర్ వెళ్ళిపోయింది. పిల్లల బడి దగ్గరట. ఇల్లు మనుషులను కట్టిపడేయలేదు. ఆ సంగతి కూడా మీకు చెప్పాలి గదా.

ఖిడ్కీ దర్వాజ మాత్రం వున్నచోటే వుంది. ఖాలాకు ఇప్పుడు మోకాళ్ళు పనిచేయవు. ఆమె కోడలు వస్తుంది, గడప మీద కూచుని చిక్కుడుకాయలు ఒలుస్తూ కబుర్లు చెబుతుంది. మొన్న వేసవిలో వాకిట్లో వడియాలు పెడుతుంటే మా తోడికోడలే పీట వేసుకుని వచ్చింది. "చిమ్మడానికి మనిషిని పెట్టుకున్నాం గదా అక్కా" అంటూ నవ్వింది. పెట్టుకున్న ఆ మనిషి పేరు లక్ష్మి. ఈసారి అడిగి తెలుసుకున్నాం.

సోదరీమణులారా, పాత బస్తీల్లో కొత్త ఇళ్ళు కట్టక తప్పదు. కట్టాలి కూడాను. మన పిల్లలకు కుళాయీ, వెలుతురూ, మరుగుదొడ్డీ వుండితీరాలి. మీ ముందుకు ప్లాను కాగితం వచ్చిన రోజున, సంతకం మగవాళ్ళు పెడతారులే అని వంటింట్లోకి వెళ్ళిపోకండి. ఈ కాగితంలో నేను పగలంతా ఎక్కడ నిలబడతాను, అక్కడినుంచి నాకేం కనిపిస్తుంది అని ఒక్క ప్రశ్న వేయండి. గోడే కనిపిస్తుందని జవాబు వస్తే, పెన్సిలు మీ చేతిలోకి తీసుకోండి.